గుడ్డబొమ్మ, జీడిపప్పు, తొక్కుడుబిళ్ళ: పిల్లలకు అవయవదానం గురించి ఆటలో చెప్పడం ఎలా

ఒడిశాలోని మా పర్లాకిమిడిలో సాయంత్రం ట్యూషన్‌కి వచ్చే పిల్లలకి అవయవదానం గురించి మొదటిసారి చెప్పినప్పుడు గోడకి చార్టు తగిలించి, స్కేలుతో చూపిస్తూ పాఠంలా చెప్పేశాను. బాగానే చెప్పాననుకున్నాను. ఆ రాత్రి రెండో తరగతి పిల్ల ఒకతి వాళ్ళమ్మ కొంగు పట్టుకుని వదల్లేదట. "నువ్వు పడుకుంటే డాక్టర్లొచ్చి నీ కిడ్నీ పట్టుకెళ్ళిపోతారా?" అని అడిగిందట. మర్నాడు పొద్దున్నే వాళ్ళమ్మ మా గుమ్మంలో ఉంది. "ఏటండీ, పిల్లకి ఏటి చెప్పేరు?" అంది. ఆవిడ కోపంలో న్యాయం ఉంది. చార్టు చుట్టి అటక మీద పడేశాను.

ఆ తర్వాత ఆటలోకి దిగాను. రెండు ఆదివారాలు, ఆరేడుగురు పిల్లలు, ఇంట్లో దొరికే సామాను చాలు. నేను తప్పులు చేసి నేర్చుకున్న వరసలోనే చెబుతున్నాను. మీ ఊరు గుణుపురమైనా, బరంపురమైనా, రాయగడైనా మార్పులు పెద్దగా అక్కర్లేదు.

మా వైపు పిల్లలకి ఈ సంగతి బొత్తిగా కొత్తదీ కాదు. మహేంద్రతనయ నది దాటితే ఆంధ్రాలోని పాతపట్నం, ఇంకాస్త ముందుకెళ్తే పలాస, సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం, అదంతా ఉద్దానం. అక్కడ కిడ్నీ జబ్బు లేని వీధి వెతుక్కోవాలి. మా ట్యూషన్ పిల్లల్లో చాలామందికి అటు అమ్మమ్మగారిల్లో మేనత్తగారిల్లో ఉంది. డయాలసిస్ అన్న మాట ఎక్కాల కంటే ముందే విన్నారు. విన్నారు తప్ప, అదేమిటని అడిగే చోటు వాళ్ళకి లేదు. ఆట ఆ చోటు ఇస్తుంది.

మొదట తల్లిదండ్రులకి

పిల్లల్ని పిలిచే ముందు వాళ్ళ ఇంటి పెద్దలకి చెప్పండి. ఏ ఆట ఆడిస్తారో, ఏ మాటలు వాడతారో రెండు ముక్కల్లో చెబితే చాలు. ఇంకో ప్రశ్న కూడా తప్పకుండా అడగండి: ఈ ఏడాది ఇంట్లో ఎవరైనా పోయారా, ఎవరైనా ఆసుపత్రిలో ఉన్నారా? ఉంటే ఆ పిల్లనో పిల్లాడినో ఇప్పుడే కూర్చోబెట్టకండి. కొన్ని నెలలు ఆగినా ఏమీ పోదు.

బొమ్మ కుట్టడం

దర్జీ దగ్గర పీలికలు అడిగితే సంచీడు ఇస్తాడు. మూరెడు పొడవు గుడ్డబొమ్మ కుట్టి, పొట్ట దగ్గర నిలువుగా తెరిచి, టిచ్ బటన్లు వేయండి. లోపల చిన్న చిన్న జేబులు. పేరు పిల్లలనే పెట్టనివ్వండి, కానీ ఊళ్ళో ఎవరి పేరూ పెట్టనివ్వకండి. మా బొమ్మ పేరు గుమ్మడి.

జేబుల్లో పెట్టే సామాను ఇది. ఊపిరితిత్తులకి రెండు గాలిబుడగలు. గుండెకి పిల్లాడి పిడికిలంత ఎర్ర గుడ్డ ఉండ. కాలేయానికి బెల్లం రంగు స్పాంజి ముక్క. కిడ్నీలకి రెండు జీడిపప్పులు. పలాస పక్కనే ఉండగా కిడ్నీ ఆకారానికి మనం వేరే ఏం వెతుక్కోవాలి! ఒక హెచ్చరిక: విడి పప్పులు ఓ గుప్పెడు వేరే గిన్నెలో ముందే పెట్టండి. మొదటి ఆదివారం ఆట సగంలో ఉండగా గుమ్మడి రెండు కిడ్నీలూ మాయమయ్యాయి. ఎవరు తిన్నారో ఇప్పటికీ తేలలేదు.

మా పిల్లలు చదివేది ఒడియాలో, ఇంట్లో మాట్లాడేది తెలుగు. అందుకని ప్రతి జేబు మీదా రెండు పేర్లూ రాయించాను. గుండెకి హృత్పిండ, కాలేయానికి జకృత, ఊపిరితిత్తులకి ఫుస్‌ఫుస్, కిడ్నీకి బృక్క. ఫుస్‌ఫుస్ అన్నప్పుడల్లా నవ్వుతారు. నవ్వనివ్వండి, ఆ నవ్వుతోనే సగం భయం పోతుంది.

ఏది ఏం పని చేస్తుందో చూపించడం

ఇక్కడ కిడ్నీ మీదే ఎక్కువసేపు ఉండండి. మిగతావి చప్పున దాటేయవచ్చు. బుడగ ఊదించండి, పిడికిలి బిగించి వదలమనండి, గుండె రోజుకి సుమారు లక్షసార్లు అలా కొట్టుకుంటుందని చెప్పండి. కాలేయం కొంత కోసి ఇచ్చినా మళ్ళీ పెరుగుతుందంటే నోళ్ళు తెరుస్తారు.

కిడ్నీకి మాత్రం రెండు గ్లాసులు, టీ వడకట్టే జల్లెడ, పాత పంచె ముక్క, మట్టి కలిపిన నీళ్ళు పెట్టుకోండి. జల్లెడలో గుడ్డ పరిచి నీళ్ళు పోయించండి. కింద కొంత తేట నీరు దిగుతుంది. మన రెండు కిడ్నీలూ కలిసి రోజుకి దాదాపు 180 లీటర్లు ఇలా వడకట్టి, అందులో చాలా భాగం మళ్ళీ ఒంటికే ఇచ్చేస్తాయని చెప్పండి. తర్వాత ఆ గుడ్డని బురదతో పూర్తిగా పూడ్చేసి మళ్ళీ పోయించండి. నీళ్ళు దిగవు, పైన నిలిచిపోతాయి. "ఇప్పుడేం చేద్దాం?" అని అడిగి ఊరుకోండి. మీరు జవాబు చెప్పకండి.

మా పంచలో ఆ ప్రశ్నకి కాసేపు ఎవరూ పలకలేదు. అయిదో తరగతి కుర్రాడొకడు గ్లాసు వైపే చూస్తూ, "మా తాతకి ఇలగే అయిపోయింది. వారానికి మూడుసార్లు మిషను కాడికి తీసుకెళ్తారు" అన్నాడు. వాడు ఏడాదిగా నా దగ్గర చదువుతున్నాడు, ఆ మాట అప్పుడే విన్నాను. డయాలసిస్ అంటే బయట పెట్టిన జల్లెడ అనీ, ఒక్కో విడతకి నాలుగు గంటలదాకా పడుతుందనీ, ఇంకొకరి కిడ్నీ పెడితే ఆ మిషను అక్కర్లేదనీ అక్కడ చెప్పాను. పాఠంలో కంటే ఆ గ్లాసు దగ్గర త్వరగా అర్థమైంది.

చావు గురించి

దాటేయాలనిపించేది ఈ మెట్టునే. దాటేస్తే ఆటంతా తప్పుగా అర్థమవుతుంది. పోయినవాళ్ళని "నిద్రపోయారు", "ఊరెళ్ళారు" అనకండి. నిద్రపోయినవాళ్ళ దగ్గర కళ్ళు తీసుకుంటారని విన్న పిల్ల ఇక పడుకుంటుందా? నా మొదటి పాఠం చెడింది అక్కడే. "చనిపోయారు" అనే అనండి. చనిపోతే ఊపిరి ఉండదు, నొప్పి తెలియదు, ఆకలి వేయదు, తిరిగి రారు. చచ్చిన కోడిపిల్లని చూడని పిల్ల మన ఊళ్ళలో ఉండదు, అక్కడి నుంచే మొదలుపెట్టండి.

ఎనిమిదేళ్ళ లోపు వాళ్ళకి ఇంతవరకే. పది దాటినవాళ్ళు, "గుండె కొట్టుకుంటుండగానే తీస్తారట కదా?" అని అడుగుతారు, ఫోన్లలో చూసేసి ఉంటారు. వాళ్ళకి ఫ్యాను చూపించండి. స్విచ్చి కట్టేశాక కూడా రెక్కలు కాసేపు తిరుగుతాయి. కరెంటు పోయిన ఫ్యానుని కర్రతో తిప్పుతూ ఉంటే ఇంకాసేపు తిరుగుతుంది. మెదడు పూర్తిగా చనిపోయాక ఆసుపత్రిలో వెంటిలేటర్ చేసే పని ఆ కర్రది. మెదడు మళ్ళీ రాదు. అది కోమా కాదు, కోమాలో మెదడు బతికే ఉంటుంది. మన దేశ చట్టం ప్రకారం నలుగురు డాక్టర్ల బృందం కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్ష చేసి రాయాలి. ఆపైన ఇంట్లోవాళ్ళు సరే అనాలి. అంతవరకు ఎవరూ ఏదీ తీయరు.

ఇక్కడే గుమ్మడి పొట్ట తెరిపించండి. తెరిచే ముందు ప్రతి పిల్లా "గుమ్మడి వాళ్ళమ్మా, తీసుకోమంటారా?" అని అడగాలి. అమ్మగా ఇంకో పిల్ల కూర్చుంటుంది. ఆ పిల్ల "వద్దు" అంటే బటన్లు పెట్టేయడమే, బతిమాలడం లేదు. మా దగ్గర ఒకసారి మూడుసార్లు వరుసగా వద్దంది, ఆట ఆగిపోయింది, మిగతావాళ్ళు గోల పెట్టారు. నేను మాట్లాడలేదు. ఈ ఆట మొత్తంలో ముఖ్యమైన వాక్యం ఆ అడగడమే.

"మరి మా అమ్మ బతికుండగా ఇవ్వచ్చా?" అని కూడా అడుగుతారు. పెద్దవాళ్ళు ఇష్టపడితే దగ్గరి రక్తసంబంధీకులకీ, భార్యకో భర్తకో ఒక కిడ్నీ, లేదా కాలేయంలో కొంత ఇవ్వవచ్చు, మిగిలిన కిడ్నీతో మామూలుగా బతుకుతారు. పిల్లల దగ్గర బతికుండగా తీసుకోవడానికి చట్టం మామూలుగా ఒప్పదు. ఈ చివరి వాక్యం రెండుసార్లు చెప్పండి.

కళ్ళ ఆట, మన కొమ్ము

మన చిన్న ఊళ్ళకి నిజంగా పనికొచ్చే ఆట ఇది. ఇంట్లో మంచం మీద పోయినవాళ్ళ గుండె, కిడ్నీ ఎవరికీ పెట్టలేరు, దానికి ఆసుపత్రిలో వెంటిలేటర్ మీద ఉండాలి. కళ్ళు అలా కాదు. ఇంట్లో పోయినా ఇవ్వవచ్చు. కళ్ళజోడు ఉన్నా, శుక్లం ఆపరేషన్ అయినా, షుగరు ఉన్నా సాధారణంగా అడ్డు కాదు.

పాత కళ్ళజోడు ఫ్రేము ఒకటి తీసుకుని, అద్దాల చోట పకోడీల పొట్లం నూనె కాగితం అంటించండి. పిల్లలు ఒక్కొక్కరూ పెట్టుకుని గుమ్మం దాకా నడవాలి, కుండలో నీళ్ళు ముంచాలి, చేతిలో పెట్టిన నోటు పదో ఇరవయ్యో చెప్పాలి. వెలుతురు తెలుస్తుంది, బొమ్మ తెలియదు. కంటి ముందుండే తేట పొర, కార్నియా, మసకబారినవాళ్ళకి లోకం అలాగే ఉంటుంది.

తర్వాత మా ఊరి పని చూపిస్తాను. పర్లాకిమిడి కొమ్ము పనికి పేరు. కొమ్ముని వేడిచేసి, వంచి, అరగదీసి, మెరుగుపెట్టి దువ్వెనలు, కొంగలు, చేపలు చేస్తారు. లేత రంగు కొమ్ముతో చేసిన దువ్వెన ఒకటి మా ఇంట్లో ఉంది. దాన్ని కిటికీ దగ్గర ఎండకి పట్టుకోమంటాను. పళ్ళ మొదట్లో, బాగా పల్చబడిన చోట, తేనె రంగు వెలుతురు దాటి వస్తుంది. అంత మొద్దు కొమ్ములోంచి వెలుతురు వస్తుందని పిల్లలు నమ్మరు, చేతులు మారుస్తూ పట్టి పట్టి చూస్తారు. అప్పుడు చెబుతాను: కార్నియా అన్న పేరు కొమ్ము అన్న లాటిన్ మాట నుంచే వచ్చింది. కంటి నల్లగుడ్డు ముందు అర మిల్లీమీటరు మందాన ఉండే తేట పొర అది. ఆ పేరు పెట్టిన పాతకాలపు వైద్యులకి పర్లాకిమిడి తెలియకపోవచ్చు గానీ, పల్చటి కొమ్ములోంచి వెలుతురు దాటడం చూసే ఉంటారు.

మీ దగ్గర కొమ్ము దువ్వెన లేకపోతే గీతలు పడ్డ చేతిగడియారం చాలు. పైఅద్దం మారిస్తే గడియారం మళ్ళీ కనిపిస్తుంది, లోపలి ముల్లులు అవే. నేత్రదానంలో మొత్తం కన్ను మార్చరు, మార్చేది ఆ పైఅద్దం లాంటి పొరనే. ఒకరి రెండు కళ్ళు మామూలుగా ఇద్దరికి చూపునిస్తాయి.

ఇక చేయవలసిన పనులు గుమ్మడి మీద చేయించండి, పిల్లలకి ఇది డాక్టరాట: కనురెప్పలు మూయాలి, మూసిన రెప్పల మీద తడి దూది పెట్టాలి, తలకింద దిండు పెట్టి కాస్త ఎత్తు చేయాలి, ఫ్యాను కట్టేయాలి, కళ్ళు సేకరించే ఐ బ్యాంకుకి ఫోన్ చేయాలి. ఇదంతా చనిపోయిన 6 గంటల లోపు. నాలుగుసార్లు ఆడితే వరస నోటికి వచ్చేస్తుంది. దగ్గర్లో ఉన్న ఐ బ్యాంకు నంబరు మీరు ముందే కనుక్కుని, ఇంటి క్యాలెండరు మీద రాసిపెట్టండి. అవసరం పడ్డ రాత్రి వెతుక్కునే స్థితిలో ఎవరూ ఉండరు.

తొక్కుడుబిళ్ళ గంటలు

సుద్దముక్కతో పొడుగ్గా 24 గళ్ళు గీయండి. ఒక్కో గడి ఒక గంట. పిల్ల చేతిలో అవయవం, చంకలో టిఫిను క్యారేజీ, అదే ఐసు పెట్టె. ఒంటికాలి మీద గెంతుతూ వెళ్ళాలి. గుండె, ఊపిరితిత్తులు పట్టుకున్నవాళ్ళు నాలుగు గళ్ళలో చేరాలి, సాగదీస్తే ఆరు. కాలేయానికి పన్నెండు. కిడ్నీ చివరిదాకా ఆగగలదు. గీత తొక్కితే ఒక గంట నష్టం.

గళ్ళ పక్కన ఊళ్ళు రాయండి. బరంపురం నుంచి భువనేశ్వర్ దాదాపు 170 కిలోమీటర్లు, రోడ్డు మామూలుగా ఉంటే గుండె గడువులో ఎంత మిగులుతుందో పెద్ద పిల్లలే లెక్కవేస్తారు. తర్వాత నలుగురిని దారికి అడ్డంగా నిలబెట్టండి: ఆవు, లారీ, పెళ్ళి ఊరేగింపు, మూసిన రైల్వే గేటు. ఆట నడవదు. అప్పుడు ఒకరికి ఈల ఇచ్చి పోలీసుని చేయండి. ఆ పోలీసు అందరినీ పక్కకి జరిపితే అదే గ్రీన్ కారిడార్. ఆవు వేషం కోసం ఎప్పుడూ తగువే, వంతులు ముందే వేయండి.

ఇది ఆడించడానికి ఆగస్టు 3 మంచి రోజు. 1994లో ఆ రోజున ఢిల్లీ ఎయిమ్స్‌లో డాక్టర్ పి. వేణుగోపాల్ దేశంలో మొదటిసారి గుండె మార్పిడి విజయవంతంగా చేశారు. ఆయన పుట్టింది రాజమండ్రిలో. ఇప్పుడు ఆ తేదీనే దేశంలో అవయవదాన దినోత్సవంగా జరుపుతున్నారు.

ఎవరికి ఇవ్వాలి

పిల్లలకి ఒదిలేస్తే కిడ్నీ నేస్తానికే ఇస్తారు. అందుకని చీట్లు చేయండి. ఒక్కో చీటీలో రక్తం గ్రూపు, ఎన్నాళ్ళుగా ఎదురుచూస్తున్నారు, జబ్బు ఎంత ముదిరింది, అంతే. పేరు ఉండదు, డబ్బుందా లేదా ఉండదు. ఒక చీటీ మీద మాత్రం "జమీందారు" అని రాసి కలపండి. జమీందారుగా దొరికినవాడు గోళీలన్నీ ఇస్తానంటాడు, ఎవరో ఒకరు తీసుకోబోతారు. ఆట ఆపండి. 1994 అవయవ మార్పిడి చట్టం ప్రకారం అవయవం అమ్మడం, కొనడం నేరం, మధ్యవర్తికి కూడా జైలే. కిడ్నీకి డబ్బిస్తానన్నవాడు ఎంత మంచిగా మాట్లాడినా మోసగాడని పిల్లలు ఇంట్లో చెప్పాలి. అప్పుల్లో ఉన్న ఇళ్ళకి ఆ మాట పెద్దవాళ్ళ నోటి కంటే పిల్లల నోట వెళ్తేనే మేలు.

తెలివైన పిల్ల ఒకతి నన్నిక్కడ పట్టుకుంది. ఒడిశా ప్రభుత్వం దాతల కుటుంబాలకి సూరజ్ అవార్డు కింద 5 లక్షల రూపాయలు ఇస్తోంది, మన గంజాం జిల్లా యువకుడి పేరు మీద 2020లో పెట్టిందే అది. "మరది అమ్మడం కాదేటండీ?" అంది. కాదు, పుచ్చుకున్నవాళ్ళు ఇచ్చేది కాదది, బేరం లేదు, ముందు ఒప్పందం లేదు, ప్రభుత్వం తర్వాత చేసే గౌరవం అన్నాను. ఆ పిల్ల పూర్తిగా ఒప్పుకున్నట్టు లేదు. నేనూ ఒప్పించడానికి ప్రయత్నించలేదు.

కళ్ళకి ఈ చీట్ల పేచీ కొంత తక్కువ. కార్నియాలో రక్తనాళాలు ఉండవు, అందుకే మామూలుగా రక్తం గ్రూపు కలవాల్సిన పని లేదు.

అమ్మమ్మలు అడిగేవి

పిల్లలు ఆట ఇంటికి మోసుకెళ్తారు. అక్కడ అమ్మమ్మ ఉంటుంది. "కళ్ళిచ్చేస్తే వచ్చే జన్మలో గుడ్డిగా పుడతారర్రా" అంటుంది. వాదించమని పిల్లలకి నేర్పకండి. శిబి చక్రవర్తి, దధీచి కథలు అమ్మమ్మనే చెప్పమనమనండి. చెప్పడం అయ్యేసరికి ఆవిడే కొంచెం మెత్తబడుతుంది. కన్నప్ప కథ మాత్రం చిన్నపిల్లల దగ్గర ఈ ఆటతో కలపకండి. తిన్నడు బతికుండగా కన్ను పెకలించుకున్నాడు, మనం నేర్పేది అది కాదు.

మా వీధిలో ఒక పెద్దావిడ, "కళ్ళు లేకపోతే యముడి దారి ఎలా కనిపిస్తాదే?" అంటే, మనవరాలు, "నీ కళ్ళజోడు కూడా నీతో పంపరు కదా అమ్మమ్మా, ఉన్నా నీకు కనిపించదు" అందట. ఆవిడే వచ్చి నాకు చెప్పి నవ్వింది.

అవయవాలు తీశాక కుట్లు వేసి, దేహాన్ని దహనానికో ఖననానికో ఇంటివాళ్ళకి ఇచ్చేస్తారన్న సంగతి పెద్దలకి మీరే చెప్పండి. చాలామంది బెంగ అసలు అదే. దాతల అంత్యక్రియలు ప్రభుత్వ లాంఛనాలతో జరుపుతామని ఒడిశా ప్రభుత్వం 2024లో ప్రకటించింది.

పిల్లల చేత సంతకాలు వద్దు

కొన్నిచోట్ల పిల్లలందరి చేతా ప్రతిజ్ఞ చేయించి, కాగితం మీద సంతకం పెట్టించి, ఫొటో తీస్తారు. నాకది నచ్చదు. 18 నిండితే గానీ ప్రతిజ్ఞ చేయడం కుదరదు, పిల్లల కాగితానికి విలువ లేదు. మీదు మిక్కిలి, పెద్దవాళ్ళు నమోదు చేసుకున్నా చివరికి ఆసుపత్రిలో అడిగేది ఇంట్లోవాళ్ళనే. అందుకని పిల్లలకి నేనిచ్చే ఇంటిపని ఒక్కటే: రాత్రి అన్నాల దగ్గర "నీకైతే ఏం చేయమంటావు?" అని ఒక పెద్దని అడిగి, వాళ్ళన్న మాట యథాతథంగా రాసుకురావాలి. వద్దన్నా రాసుకురావాలి. ఒకడు, "నాన్న అన్నం తినమన్నాడు" అని రాసుకొచ్చాడు. అదీ జవాబే.

నమోదు చేసుకుంటామన్న పెద్దలకి జాతీయ సంస్థ నోటో ఉచిత నంబరు 1800-11-4770 ఇవ్వండి. ఆధార్‌తో ఆన్‌లైన్లో కూడా చేసుకోవచ్చు. ఒడిశాలో ఈ పని చూసే రాష్ట్ర సంస్థ కటక్‌లో, ఎస్‌సీబీ వైద్య కళాశాలలో ఉంది. ఆంధ్రాలో ఉండే చుట్టాలకైతే అక్కడ ఈ పని చూసే జీవన్‌దాన్.

బొమ్మని మూయడం

ఆట చివర గుమ్మడి తెరిచిన పొట్టతో ఉండిపోకూడదు. జేబులు ఖాళీగానే ఉంచి, పొట్ట లోపల పాత గుడ్డలు కూరి, బటన్లు పెట్టి, పైన సూదీదారంతో నిజంగానే కుట్టించండి. చిన్నవాళ్ళకి సూదిలో దారం ఎక్కించి ఇవ్వండి. కుట్టాక బొమ్మ ముందెలా ఉందో అలాగే ఉంటుంది, పిల్లలు పొట్ట తడిమి చూసుకుంటారు. తర్వాత చొక్కా తొడిగించి, కావాలంటే బొట్టు పెట్టనివ్వండి. మా పిల్లలు ఒక బంతిపూల దండ కూడా వేశారు. మళ్ళీ ఆదివారానికి ఆ కుట్లు విప్పేది నేనే, వాళ్ళు రాకముందే విప్పుతాను. జీడిపప్పు డబ్బా మాత్రం పై అరలో పెడుతున్నాను.